బెజవాడ, గుంటూరు డెవలపర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగంలో చేరి ఏడాది నుంచి ఆరేడేళ్లు అయినవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. ఇంటర్వ్యూ ప్రశ్నలు, కోర్సుల లిస్టులు ఇక్కడ లేవు, అవి ఎక్కడైనా దొరుకుతాయి. కానూరులోనో వడ్డేశ్వరంలోనో చౌడవరంలోనో చదివి, ఇప్పుడు గన్నవరం ఆఫీసుకు వెళ్తూనో ఇంట్లో కూర్చునో పని చేస్తున్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాను. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి. కొన్నింటికి రెండు ముక్కలు చాలు.

బగ్ దొరక్క రాత్రంతా కూర్చుంటున్నాను. దీనికో పద్ధతి ఉందా?

ఉంది. అది కోడ్ మార్చడంతో మాత్రం మొదలవదు. ముందు ఆ తప్పు మీరు కావాలనుకున్నప్పుడల్లా మళ్లీ వచ్చేలా చేసుకోవాలి. ఏ యూజర్, ఏ డేటా, ఏ బటన్, ఏ వరసలో నొక్కితే వస్తోంది? ఇది తేలకుండా చేసే మార్పులన్నీ గుడ్డెద్దు చేలో పడ్డట్టే. ఒకటి మారుస్తారు, తగ్గినట్టు అనిపిస్తుంది, ఎందుకు తగ్గిందో తెలియదు. రెండు రోజులకు మళ్లీ వస్తుంది.

తర్వాత ఎర్రర్ మొత్తం చదవండి. చాలామంది మొదటి లైను చూసి గూగుల్‌లో పడేస్తారు. జావాలో అయితే అసలు కారణం తరచుగా కింద ‘కాజ్డ్ బై’ అన్నచోట ఉంటుంది. పైథాన్‌లో చివరి లైనులో ఉంటుంది.

నిన్నటిదాకా బాగా పనిచేసింది అంటే మధ్యలో ఏదో మారింది. అక్కడ గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్)లోని బైసెక్ట్ కమాండ్ వాడండి. కమిట్ అంటే అందులో ఒకసారి సేవ్ చేసిన మార్పు. బాగున్న కమిట్ ఒకటి, చెడిన కమిట్ ఒకటి చూపిస్తే, మధ్యలోది తీసి మీ ముందు పెడుతుంది. అది బాగుందో లేదో మీరు చెబుతారు, సగం పోతాయి. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే వెయ్యి కమిట్లున్నా పదిసార్లు చూస్తే తేలిపోతుంది. ఒక్కో కమిట్ చిన్నదిగా ఉంటేనే దీని ఫలితం. ఐదు రోజుల పని ఒకే కమిట్‌లో కుక్కి ‘ఫైనల్ చేంజెస్’ అని రాస్తే, బైసెక్ట్ సరిగ్గా ఆ బండరాయి దగ్గరికి తీసుకెళ్లి వదిలేస్తుంది.

ఇంకొకటి. పక్కన కాగితం పెట్టుకుని ‘ఇది కారణం అనుకుంటున్నాను, ఇలా చూశాను, కాదు’ అని రాసుకోండి. రాత్రి రెండింటికి బుర్ర ఒకే అనుమానం చుట్టూ నాలుగోసారి తిరుగుతున్న సంగతి ఆ కాగితమే చెబుతుంది. అప్పుడు పడుకోవడం మంచిది.

టీమ్ గ్రూపులో డౌట్ అడిగితే ఎవరూ పలకడం లేదు. ఏం చేయాలి?

‘సార్, ఏపీఐ పని చేయట్లేదు, ఒకసారి చూడరా’ అని రాసి, ఫోనుతో తీసిన స్క్రీన్ ఫొటో పెడితే ఎవరూ పలకరు. అది పొగరేమీ కాదు. జవాబు చెప్పాలంటే ముందు వాళ్లు మిమ్మల్ని ఆరు ప్రశ్నలు అడగాలి, అంత తీరిక ఉండదు. ఇలా రాసి చూడండి:

‘నమస్తే అండీ. ఆర్డర్ క్యాన్సిల్ చేస్తే 200 రావాలి, స్టేజింగ్‌లో 403 వస్తోంది. నా లోకల్‌లో బాగానే ఉంది. టోకెన్ మార్చి చూశాను, అదే ఎర్రర్. నిన్న సాయంత్రం రోల్స్ టేబుల్ మారిందని చూశాను, దానివల్లేనా? లాగ్ కింద పెట్టాను. సాయంత్రం నాలుగు దాకా వేరే టికెట్ మీద ఉంటాను.’

(200 అంటే పని జరిగింది, 403 అంటే అనుమతి లేదు, స్టేజింగ్ అంటే పరీక్ష కోసం పెట్టిన సర్వర్.) ఏం కావాలి, ఏం వచ్చింది, ఏం చేసి చూశారు, ఎంత తొందర ఉంది, అన్నీ ఇందులో ఉన్నాయి. ఎర్రర్‌ను ఫొటోగా కాకుండా టెక్స్ట్‌గా పెట్టండి, రేపు ఇంకొకరు వెతికితే దొరుకుతుంది. సగం సార్లు ఈ మెసేజ్ రాస్తుండగానే జవాబు మీకే తడుతుంది.

నా పుల్ రిక్వెస్ట్ (నా మార్పును చూసి కలపమని పెట్టే అభ్యర్థన) రోజుల తరబడి అలాగే ఉండిపోతోంది.

ఎన్ని లైన్లుందో చూడండి. 1,500 లైన్ల మార్పును ఎవరూ చదవరు, పైపైన చూసి ‘ఓకే’ అంటారు, లేదంటే రేపటికి వాయిదా వేస్తారు. రెండొందల లైన్లలోపు ఉంటే టీ తాగుతూ చూసేస్తారు. పేర్లు మార్చడం, ఫార్మాటింగ్ సరిచేయడం ఒక రిక్వెస్ట్‌లో, అసలు లాజిక్ మార్పు ఇంకో దాంట్లో పెట్టండి. రెండూ కలిపేస్తే అసలు మార్పు ఎక్కడుందో వెతుక్కోవాలి.

వివరణలో ‘ఏం మార్చాను’ అన్నది కోడ్‌లోనే కనిపిస్తుంది, ‘ఎందుకు’ అన్నది రాయండి. ఇంకో దారి ఉండి దాన్ని వదిలేసి ఉంటే అదీ రాయండి. ఏడాది తర్వాత ‘ఈ పని ఇలా ఎందుకు చేశారో’ అని తల పట్టుకునే మనిషి చాలాసార్లు మీరే అవుతారు.

రివ్యూలో సీనియర్ పెట్టే కామెంట్లు మనసుకు కష్టంగా ఉంటున్నాయి.

కామెంట్ కోడ్ గురించి అయితే తీసుకోండి, నచ్చకపోతే కారణం రాసి వాదించండి. మనిషి గురించి అయితే లీడ్‌తో విడిగా మాట్లాడండి. రిక్వెస్ట్ కింద నలభై కామెంట్ల గొడవ పెట్టుకునే బదులు పది నిమిషాల కాల్ చేసి, తేలినదాన్ని అక్కడ రెండు లైన్లలో రాయడం నయం.

మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటుకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేశాం. లెక్కలో పైసల తేడా వస్తోంది. ఎందుకు?

డబ్బును ఫ్లోట్ (దశాంశాలను సుమారుగా దాచే రకం)లో పెట్టి ఉంటారు. ఏ బ్రౌజర్ కన్సోల్‌లోనైనా 0.1 + 0.2 కొట్టి చూడండి, 0.30000000000000004 వస్తుంది. మనం మూడో వంతును దశాంశాల్లో పూర్తిగా రాయలేం కదా, అలాగే పదో వంతును కంప్యూటర్ సున్నా, ఒకటి అనే తన రెండే అంకెల లెక్కలో పూర్తిగా రాసుకోలేదు. ఒక్క బిల్లులో కనిపించదు. సీజనులో వేల టిక్కీల (మిర్చి బస్తాల) తూకాలు కూడినప్పుడు బయటపడుతుంది.

డబ్బు పైసల్లో, తూకం గ్రాముల్లో, రెండూ పూర్ణాంకాలుగా పెట్టండి. లేదా డేటాబేస్‌లో డెసిమల్, జావాలో బిగ్‌డెసిమల్ వాడండి. బిగ్‌డెసిమల్‌ను స్ట్రింగ్ నుంచి తయారు చేయాలి. డబుల్ నుంచి చేస్తే ఆ తప్పు కూడా వెంటే వస్తుంది.

అది సరిచేశాక కూడా పైసా తేడా రావచ్చు. అది కంప్యూటర్ తప్పు కాదు, రౌండింగ్ ఎక్కడ చేయాలో ఎవరూ తేల్చకపోవడం. 10.05 రూపాయల వస్తువులు మూడు, 9 శాతం సీజీఎస్టీ అనుకోండి. లైనుకు 0.9045, అంటే 90 పైసలు. మూడు లైన్లకు 2.70. అదే మొత్తం 30.15 మీద ఒకేసారి వేస్తే 2.7135, అంటే 2.71. రెండూ లెక్కే. ఏది కావాలో వాళ్ల ఆడిటర్‌ను అడిగి, ఆయన చెప్పింది మెయిల్‌లో తీసుకుని, అదే ఉదాహరణను టెస్ట్‌గా రాసిపెట్టండి. ఈ ఒక్క మెయిల్ ఏడాదిలో మిమ్మల్ని ఎన్నిసార్లు కాపాడుతుందో మీరే చూస్తారు.

తెలుగు పేర్లు సేవ్ చేస్తే తెగిపోతున్నాయి, ప్రశ్నార్థకాలుగా మారుతున్నాయి.

ఇది మన ప్రాంతంలో పనిచేసేవాళ్లకు తప్పకుండా ఎదురయ్యే సమస్య, విచిత్రంగా మన కాలేజీల్లో ఎవరూ చెప్పరు.

‘శ్రీనివాస్’ అంటే కంటికి నాలుగు అక్షరాలు. అన్ని భాషల అక్షరాలకూ నంబర్లు ఇచ్చే యూనికోడ్‌కు అది పది: శ, పొల్లు, ర, దీర్ఘం, ఇలా లెక్క. యూటీఎఫ్-8లో (ఆ నంబర్లను బైట్లుగా దాచే పద్ధతి) తెలుగు కోడ్‌కు మూడు బైట్ల చొప్పున మొత్తం ముప్పై బైట్లు. ఒరాకిల్‌లో వర్‌చార్2 సైజు మామూలుగా బైట్లలో లెక్క. అక్కడ ఇరవై అని పెడితే ఇంగ్లీషు పేరు హాయిగా పడుతుంది, తెలుగు పేరుకు ఎర్రర్ వస్తుంది. మైఎస్‌క్యూఎల్ క్యారెక్టర్లలో లెక్క పెడుతుంది, కానీ అక్కడ పాత ‘యూటీఎఫ్8’ మూడు బైట్ల దాకానే పట్టుకుంటుంది. తెలుగు నిలుస్తుంది, పక్కన ఇమోజీ పెడితే పోతుంది. కొత్త టేబుళ్లకు యూటీఎఫ్8ఎంబీ4 పెట్టండి.

పేరును మొదటి రెండు క్యారెక్టర్లకు కత్తిరిస్తే ‘శ్రీ’ కాస్తా ‘శ్’ అవుతుంది. కత్తిరించాలంటే కంటికి కనిపించే అక్షరం దగ్గర కత్తిరించే లైబ్రరీ వాడాలి. జావాస్క్రిప్ట్‌లో ఇంటల్ సెగ్మెంటర్ ఆ పని చేస్తుంది. వెతుకులాటలోనూ ఒక చిక్కుంది. ‘సాఫ్ట్‌వేర్’ అని టైప్ చేసినప్పుడు ‘ట్’ తర్వాత కంటికి కనపడని క్యారెక్టర్ ఒకటి ఉంటుంది, అది లేకుండా టైప్ చేసినవాళ్లకు ఆ రికార్డు దొరకదు. వెతికే ముందు రెండు వైపులా దాన్ని తీసేయండి.

ఎస్‌ఎంఎస్ ఖర్చు కూడా చూసుకోండి. ఇంగ్లీషు మెసేజ్‌లో 160 క్యారెక్టర్లు పడతాయి, తెలుగులో 70 మాత్రమే, దాటితే రెండో మెసేజ్ చార్జీ. ‘మీ సరుకు అమ్ముడైంది’ అని రైతుకు తెలుగులో పంపాలని ముచ్చటపడే క్లయింటుకు ఈ లెక్క ముందే చెప్పండి. సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు పిచ్చిగీతల్లా కనిపిస్తోందంటే, ఫైలు మొదట్లో బీఓఎమ్ (ఇది యూటీఎఫ్-8 అని చెప్పే గుర్తు) లేదని అర్థం. అదే ఎక్సెల్ ఆధార్ నంబరును 2.34ఈ+11 లాగా చూపిస్తుంది. నంబరులా కనిపించినా కూడికలు, తీసివేతలు అక్కర్లేనిదాన్ని టెక్స్ట్‌గానే ఉంచండి.

అమెరికా క్లయింటుతో మీటింగ్ టైము ఏడాదికి రెండుసార్లు గందరగోళం అవుతోంది.

మార్చి రెండో ఆదివారం వాళ్ల గడియారం ఒక గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి. మనది ఎప్పుడూ మారదు. న్యూయార్క్ ఉదయం 9 గంటలు వేసవిలో మనకు సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. కోడ్‌లో జరిగిపోయినవాటిని యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన సమయం)లో దాచండి. జరగబోయే అపాయింట్‌మెంటు అయితే స్థానిక సమయం, జోన్ పేరు రెండూ దాచండి. జోన్ పేరంటే ‘ఏషియా/కోల్‌కతా’ లాంటిది. ఊరికే ‘ప్లస్ 5:30’ లాంటి ఆఫ్‌సెట్ (యూటీసీతో తేడా) రాసుకుంటే అమెరికా జోన్ల దగ్గర దెబ్బతింటారు. ఆఫ్‌సెట్ ఎప్పుడూ పూర్తి గంటల్లోనే ఉంటుందనుకుని రాసిన కోడ్‌ను మన దేశపు టైముతో పరీక్షిస్తే ఇట్టే దొరికిపోతుంది.

శుక్రవారం సాయంత్రం డిప్లాయ్ (కొత్త కోడ్‌ను సర్వర్లకు ఎక్కించడం) చేయొద్దంటారు. నిజమేనా, చాదస్తమా?

వెనక్కి తీసుకోవడం ఐదు నిమిషాల పనైతే ఏ రోజైనా చేయొచ్చు. కాకపోతే మంగళవారమైనా ప్రమాదమే. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల ట్రేడింగ్ సంస్థ ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ పెట్టింది. ఎనిమిదో దాంట్లో ఎప్పుడో వాడకం మానేసిన పాత కోడ్ మిగిలి ఉంది. దాన్ని నడిపించే ఫ్లాగ్ (స్విచ్ లాంటి సెట్టింగ్)నే కొత్త పనికీ వాడారు. సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. అది బుధవారం.

కాబట్టి అడగాల్సిన ప్రశ్నలు వేరు. అన్ని సర్వర్లకూ వెళ్లిందని ఎలా తెలుస్తుంది? వాడని కోడ్ తీసేశామా? వెనక్కి తీసుకునే కమాండ్ ఎక్కడ రాసి ఉంది? మీరు బస్సులో ఉంటే ఆ కమాండ్ ఇంకెవరైనా నడపగలరా?

బ్యాకప్ ఉంది కదా, ఇంక భయమెందుకు?

దాన్ని తిరిగి ఎక్కించి చూశారా? 2017 జనవరి 31న కోడ్ దాచుకునే సైటు నడిపే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున ప్రొడక్షన్ (కస్టమర్లు నిజంగా వాడుతున్న) డేటాబేస్ డైరెక్టరీని తుడిచేశారు. బ్యాకప్ పద్ధతులు చాలానే ఉన్నాయి, అవసరానికి వెంటనే పనికొచ్చింది ఒక్కటీ లేదు. ఆ రోజు అనుకోకుండా కొన్ని గంటల ముందు తీసిన ఒక కాపీ ఉండబట్టి బతికారు. జరిగిందంతా వాళ్లే బయట పెట్టారు, ఆ నిజాయితీ మెచ్చుకోవాల్సింది. మూడు నెలలకోసారి బ్యాకప్‌ను వేరే మెషీన్ మీద ఎక్కించి, లెక్కలు సరిపోయాయో లేదో చూడండి.

మీ సొంత మెషీన్‌కూ ఇదే మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు ఊరి మీద పడినప్పుడు సింగ్ నగర్ వైపు రోజుల తరబడి కరెంటు, నెట్ లేవు. సాయంత్రం లేచే ముందు సగంలో ఉన్న పనైనా గిట్ సర్వర్లోని మీ బ్రాంచ్‌కు పుష్ చేసే (పంపే) అలవాటుంటే, అలాంటప్పుడు ఇంకొకరు దాన్ని అందుకోగలుగుతారు.

పొరపాటున పాస్‌వర్డ్ గిట్‌లోకి వెళ్లిపోయింది. డిలీట్ చేసి మళ్లీ కమిట్ చేశాను, చాలా?

చాలదు, చరిత్రలో అలాగే ఉంటుంది. ముందు ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోండి, లీడ్‌కు చెప్పండి. హిస్టరీ శుభ్రం చేయడం ఆ తర్వాతి సంగతి.

ఏఐ టూల్స్ కోడ్ రాసేస్తున్నాయి. మా పని ఏమవుతుంది?

వాడండి. వాడనని భీష్మించుకోవడంలో గొప్పేమీ లేదు. కానీ అది రాసిన ప్రతి లైనూ మీ పేరు మీదే వెళ్తుంది, రివ్యూలో ‘ఏఐ రాసింది’ అన్న జవాబు చెల్లదు. ముందు టెస్టులు మీరు రాసి, తర్వాత కోడ్ దానితో రాయించుకుంటే పని మీ చేతిలో ఉంటుంది. రెండూ దానికే అప్పగిస్తే తన తప్పుకు తానే సాక్ష్యం చెబుతుంది.

లేని లైబ్రరీ పేర్లు కూడా నమ్మకంగా చెబుతుంది. అలాంటి పేర్లు చూసి, ఆ పేరుతోనే హానికరమైన ప్యాకేజీలు పెట్టే మోసగాళ్లు ఉన్నారు. ఇన్‌స్టాల్ చేసే ముందు ఆ ప్యాకేజీ ఎవరిది, ఎప్పటి నుంచి ఉంది అని చూడండి. క్లయింటు కోడ్, కస్టమర్ల డేటా మీ సొంత అకౌంటులోని చాట్‌లో పెట్టొద్దు. కంపెనీ అనుమతించిన టూల్ ఏదో మెయిల్‌లో అడిగి తెలుసుకోండి.

చేరి రెండేళ్లు కాని వాళ్లకు నా సలహా కాస్త వేరు. వారంలో కొంత పనైనా దాని సాయం లేకుండా చేయండి. ప్రొడక్షన్ పడిపోయిన రాత్రి అది ఇచ్చే పది కారణాల్లో ఏది నమ్మాలో తేల్చుకునే చూపు అలాగే వస్తుంది.

ప్రతి ఆరు నెలలకూ కొత్త ఫ్రేమ్‌వర్క్. అన్నీ నేర్చుకోవాలా?

అక్కర్లేదు. ఎస్‌క్యూఎల్, హెచ్‌టీటీపీ, లినక్స్ కమాండ్లు, గిట్, ఇవి మీ రిటైర్మెంటు దాకా వస్తాయి. ఫ్రేమ్‌వర్క్ ప్రాజెక్టులో అవసరం పడ్డ వారంలో నేర్చుకోవచ్చు.

సపోర్ట్ ప్రాజెక్టులో పడేశారు. కెరీర్ పోయినట్టేనా?

పోదు, ఊరికే టికెట్లు మూసుకుంటూ కూర్చుంటే మాత్రం పోతుంది. కొత్త ఫీచర్లు రాసేవాళ్లకు కనపడనిది మీకు కనపడుతుంది: ఈ సిస్టమ్ ఎక్కడ, ఎందుకు విరుగుతుందో. ఒకే రకం టికెట్ మూడోసారి వస్తే దాని మూలం వెతికి, సరిచేయడానికి ఏం కావాలో ఒక పేజీ రాసి లీడ్‌కు పంపండి. రోజూ చేతితో చేసే పనికి స్క్రిప్టు రాయండి. ఇంటర్వ్యూలో ‘సపోర్ట్ చేశాను’ అనేదానికీ, ‘రోజూ వచ్చే ఈ రకం టికెట్లు ఇందువల్ల వచ్చేవి, ఇలా ఆపాను’ అనేదానికీ చాలా తేడా. ఏడాదిన్నర అలా చేసినా కోడ్ ముట్టనివ్వకపోతే అప్పుడు బయట చూసుకోండి.

హైదరాబాద్ వెళ్లాలా, ఇక్కడే ఉండాలా?

ఇంట్లోవాళ్లకు నచ్చకపోయినా చెబుతాను: అవకాశం ఉంటే మొదటి రెండు మూడేళ్లు టీమ్ మొత్తం కూర్చునే ఊళ్లో ఉండండి. సీనియర్ పక్కన కూర్చుని ఆయన బగ్ ఎలా వెతుకుతున్నాడో చూసి నేర్చుకునేది వీడియో కాల్‌లో రాదు. గన్నవరం పక్కన కేసరపల్లిలో హెచ్‌సీఎల్ క్యాంపస్ ఉంది, మేధా టవర్స్‌లో కొన్ని సంస్థలున్నాయి. కానీ ఉద్యోగం మారాలనుకున్నప్పుడు ఎంచుకోవడానికి ఇక్కడ ఉన్నవి తక్కువే.

ఆ తర్వాత వెనక్కి రావడం మంచి ఆలోచనే. సొంతిల్లు, అమ్మానాన్నలు, తక్కువ ఖర్చు, ఇవి చిన్న విషయాలు కావు. అయితే వచ్చే ముందు రిమోట్ అని నోటిమాటగా కాకుండా లెటర్లో ఉందా అని చూసుకోండి. ‘మేనేజర్ గారు ఒప్పుకున్నారు’ అంటే ఆ మేనేజర్ ఉన్నంతవరకే.

ఇంటి నుంచి పని చేస్తే అప్రైజల్‌లో గుర్తించడం లేదు.

ఆఫీసులో ఉన్నవాళ్ల పని కనపడుతుంది, మీది చదవాలి. శుక్రవారం లీడ్‌కు ఐదు లైన్ల మెయిల్ పెట్టండి: ఏం పూర్తయింది, ఏది ఆగింది, ఎవరి కోసం ఆగింది, వచ్చే వారం ఏమిటి. డప్పు కొట్టుకున్నట్టు ఉంటుందని మొహమాటపడొద్దు. అప్రైజల్ ఫారం నింపే రోజున మీ లీడ్ వెతుక్కునేది అలాంటి మెయిళ్లనే. మీకూ ఏడాది పని గుర్తు తెచ్చుకునే తిప్పలు తప్పుతాయి. కరెంటు పోతుంది, నెట్ పోతుంది, కాబట్టి ఇన్వర్టర్, రెండు వేర్వేరు కంపెనీల నెట్ పెట్టుకోండి. ‘మా ఏరియాలో పవర్ కట్ అండీ’ అనేది మూడోసారి ఎవరూ నమ్మరు.

ఇంగ్లీషు మాట్లాడాలంటే టెన్షన్.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు చాలామంది బాగా రాయగలరు, మాట్లాడేటప్పుడే తడబడతారు. అయితే మీటింగ్‌కు ముందే మీ పాయింట్లు రాసి పంపండి. అప్పుడు సగం మాటలు ఆ కాగితమే మాట్లాడుతుంది. అర్థం కానప్పుడు తల ఊపడం మాత్రం మానేయండి, ‘నాకు అర్థమైంది ఇది, సరేనా?’ అని తిరిగి చెప్పండి. యాసను ఎవరూ పట్టించుకోరు.

మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టి ఉద్యోగం ఇప్పిస్తామని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు.

వద్దు. బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేసేవాళ్లు యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) మీద పీఎఫ్ సర్వీస్ హిస్టరీ చూస్తారు, ఆదాయపు పన్ను రికార్డుల్లో టీడీఎస్ (జీతంలో కోసే పన్ను) ఎవరు కట్టారో చూస్తారు. చేరాక ఏడాదికి దొరికినా తీసేస్తారు, రిలీవింగ్ లెటర్ కూడా రాదు. మీ బదులు ఇంకొకరు ఇంటర్వ్యూలో కూర్చునే ప్రాక్సీ కూడా అంతే. దొరక్కపోయినా, మూడేళ్ల పని వస్తుందనుకుని అప్పగించిన ప్రాజెక్టు ముందు మీరు కూర్చోవాలి కదా, ఆ నరకం వేరు.

రెండేళ్ల బాండ్ మీద సంతకం పెట్టమంటున్నారు.

అన్ని బాండ్లూ చెల్లవన్న మాట నిజం కాదు, అన్నీ చెల్లుతాయన్నదీ కాదు. 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ప్రకారం, మానేశాక ఇంకెక్కడా పని చేయకూడదనే షరతు చెల్లదు. ఫలానా కాలం లోపల మానేస్తే సమంజసమైన నష్టపరిహారం కట్టాలనేది వేరే సంగతి. 2025లో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు 2 లక్షల రూపాయల అలాంటి షరతును సమర్థించింది. కాబట్టి సంతకానికి ముందు మొత్తం ఎంత, ఏ తేదీ నుంచి లెక్క, కాలం గడిచేకొద్దీ తగ్గుతుందా అని చూడండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే చూపించి వెనక్కి తీసుకోండి, వాళ్ల దగ్గర వదిలి రావద్దు.

12 లక్షల ప్యాకేజీ అన్నారు. చేతికి లక్ష రావడం లేదేం?

ఆ పన్నెండులో కంపెనీ కట్టే పీఎఫ్ వాటా ఉంటుంది, గ్రాట్యుటీ అని బేసిక్‌లో 4.81 శాతం ఉంటుంది, వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చే భాగం) ఉంటుంది, కొన్నిచోట్ల ఇన్సూరెన్స్ కూడా. పన్ను ఆ తర్వాత. రెండు ఆఫర్లను పోల్చేటప్పుడు ఫిక్స్‌డ్ ఎంత, వేరియబుల్ నిరుడు నిజంగా ఎంత శాతం ఇచ్చారు అని హెచ్‌ఆర్‌ను అడగండి. సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదు.

ఉద్యోగం మారుతున్నాను. పీఎఫ్ తీసేసుకోవచ్చా? ఇంకేం చూసుకోవాలి?

పీఎఫ్ తీయకండి, కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ చేయండి. యూఏఎన్ అదే ఉంటుంది. ఐదేళ్ల సర్వీసు నిండకముందు తీస్తే పన్ను పడుతుంది, ట్రాన్స్‌ఫర్ చేస్తే పాత కంపెనీ కాలం కూడా ఆ ఐదేళ్లలో కలుస్తుంది.

రాజీనామా మెయిల్‌లో చివరి తేదీ స్పష్టంగా రాయండి, అంగీకరించినట్టు జవాబు తెప్పించుకోండి. నోటీసు పీరియడ్ తొంభై రోజులైతే మొదటి వారంలోనే హ్యాండోవర్ పేజీ మొదలుపెట్టండి: ఏ జాబ్ ఎప్పుడు నడుస్తుంది, ఏ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది, ఏ కోడ్ ముట్టుకుంటే ఏది విరుగుతుంది. ల్యాప్‌టాప్ అప్పగించినట్టు రసీదు తీసుకోండి. కంపెనీ కోడ్ ఒక్క ఫైలు కూడా సొంత మెయిల్‌కు పంపుకోవద్దు. పేస్లిప్పులు, ఫారం 16, అప్రైజల్ లెటర్లు మాత్రం మీవే. పోర్టల్ లాగిన్ ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసుకోండి, చివరి రోజు సాయంత్రం దాకా ఆగితే మధ్యాహ్నానికే అకౌంటు మూసేసి ఉండొచ్చు.